సీపీఆర్ ట్రైనింగ్‌కి వెళ్తున్న మా చిన్నాకి

ఒరేయ్ చిన్నా,

ఆఫీసులో సీపీఆర్ ట్రైనింగ్ పెడుతున్నారు, ఓ రెండు గంటలు పని తప్పుతుంది అని సంబరంగా రాశావు. ఊరికే కూర్చుని రావడానికైతే వెళ్లకు. సీపీఆర్ అంటే గుండె ఆగిన మనిషిని ఛాతీ నొక్కి బతికించే ప్రయత్నం. వీడియో చూసి తలూపితే వచ్చే విద్య కాదది, మోకాళ్ల మీద కూర్చుని, ట్రైనింగ్‌కి తెచ్చే మనిషి బొమ్మ ఛాతీని భుజాలు లాగేసేదాకా నొక్కితేనే చేతికొస్తుంది. ఇన్నేళ్లు నర్సుగా చేసి, తర్వాత ఇలాంటి క్లాసులు చెప్పిన మీ పెద్దమ్మ మాట విను, వెనక నిలబడి ఫొటోలు తీసుకునేవాళ్లే ఎక్కువ, నువ్వు ముందుకెళ్లు.

అరచేతిలో మణికట్టుని ఆనుకుని ఉండే గట్టి భాగాన్ని ఛాతీ మధ్యలో, రొమ్ము ఎముక కింది సగం మీద పెట్టు. రెండో చెయ్యి దాని మీద. మోచేతులు వంచకుండా, భుజాలు సరిగ్గా చేతుల పైకి తెచ్చి ఒంటి బరువంతా దించాలి, చేతి కండలతో నొక్కితే నిమిషానికే అలిసిపోతావు. పెద్దవాళ్లకైతే 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. లోతు దగ్గర అందరూ భయపడతారు, వేగం దగ్గర తొందరపడతారు. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వడం మాత్రం చాలామంది మర్చిపోతారు. అది లేచినప్పుడే గుండెలోకి రక్తం చేరుతుంది, బరువు అలాగే ఆనించి ఉంచితే తర్వాతి నొక్కుకి మెదడుకి పంపడానికి లోపల ఏముంటుంది చెప్పు? రెండు నిమిషాలకోసారి మనిషి మారండి, మారేటప్పుడు ఆపకండి.

అసలు చిక్కు మొదలుపెట్టే దగ్గరే ఉంది. పడిపోయిన మనిషి పిలిస్తే పలకడు, కానీ ఒడ్డున పడ్డ చేపలా ఆగి ఆగి నోరు తెరుస్తుంటాడు, చుట్టూ ఉన్నవాళ్లు "ఊపిరాడుతోందిగా" అని ఊరుకుంటారు. అది ఊపిరి కాదురా, గుండె ఆగిన లక్షణమే. 10 సెకన్లకు మించి చూడకు, అంబులెన్స్‌కి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టి నొక్కడం మొదలుపెట్టు. పక్కటెముకలు విరుగుతాయేమో అని టెన్షన్ వద్దు, ఒక్కోసారి విరుగుతాయి కూడా, అయినా ఆపకూడదు.

నోట్లో ఊపిరి ఊదడం ఇష్టం లేకపోయినా, రాకపోయినా, హఠాత్తుగా కుప్పకూలిన పెద్దవాళ్లకి నొక్కడం ఒక్కటైనా చెయ్యి. పిల్లలకీ నీళ్లలో మునిగినవాళ్లకీ మాత్రం ఊపిరి చాలా ముఖ్యం, 30 నొక్కులకి 2 ఊపిర్లు, అది కూడా అడిగి నేర్చుకో.

ఇంకో మాట, ఆడమనిషి పడిపోతే చెయ్యి వెయ్యడానికి మగవాళ్లు జంకుతారు. ఆ మొహమాటం పక్కన పెట్టు. ఏఈడీ అంటే గుండెకి కరెంటు షాక్ ఇచ్చే మెషిన్, దాని ప్యాడ్లు నేరుగా ఒంటికి అంటుకోవాలి, బట్టలు తీయాల్సొస్తుంది, అవసరమైతే కత్తిరించాల్సొస్తుంది. షాక్ అవసరమో కాదో ఆ మెషినే చూసి చెప్తుంది, నువ్వు అది చెప్పినట్టు చేస్తే చాలు.

అన్నట్టు, మీ ఆఫీసులో ఏఈడీ ఉందా? ఉంటే ఏ మూల ఉందో పక్క సీటువాళ్లని అడిగి చూడు, సగం మందికి తెలియదని నా అనుమానం. ఏ మేనేజరు గదిలోనో తాళం వేసి పెడితే ఉన్నా లేనట్టే. ప్యాడ్ల గడువు, బ్యాటరీ ఎవరు చూస్తున్నారో కూడా కనుక్కో.

అన్నీ సరిగ్గా చేసినా చాలామంది బతకరు, అది ముందే తెలిసుండటం మంచిది. కానీ సీపీఆర్ లేకుండా గడిచే ఒక్కో నిమిషం ఉన్న కాస్త అవకాశాన్నీ తగ్గించేస్తుంది.

నేర్చుకున్నది కొన్ని నెలలకే చేతులు మర్చిపోతాయి, అందుకని మధ్యమధ్యలో బొమ్మని తెప్పించమని మీ హెచ్ఆర్ వాళ్ల వెంటపడు. ఆ రోజు బిగుతు ప్యాంటు మాత్రం వేసుకెళ్లకు, మోకాళ్ల మీద కూర్చోలేవు.

మీ పెద్దమ్మ