గుడి వెనక పసుపు పూసిన ఆ రాయి ఏ అమ్మవారు?

మీరు అడిగినవి రెండు. ఎప్పుడో పాతకాలంలో జనం కొలిచిన అమ్మదేవతల విగ్రహాలు మన గుళ్ళలో ఇంకా మిగిలి ఉన్నాయా, ఉంటే వాటిని ఎలా గుర్తుపట్టాలి? ఉన్నాయి, చాలానే ఉన్నాయి. కాకపోతే గర్భగుడిలో వెతికితే దొరకవు. ప్రాకారంలో దక్షిణం వైపు, బావి గట్టున, చెరువు కట్ట మీద, వేపచెట్టు కింద చూడాలి. నేను శిల్పశాస్త్రం చదివినవాణ్ణి కాదు. తిరుపతిలో పుట్టి పెరిగాను, ఒక రాయి వల్ల ఈ విషయాలు తెలుసుకోవడం మొదలుపెట్టాను. ముందు ఆ రాయి సంగతి చెప్తాను.

మా అవ్వది స్వర్ణముఖి ఒడ్డున చిన్న పల్లె. ఊరి చివర పాత శివాలయం ఉంది. సెలవులకు వెళ్ళినప్పుడు శుక్రవారం పొద్దున్నే అవ్వ నన్ను వెంటబెట్టుకుని గుడికి పోయేది, శివుడికి దండం పెట్టుకుని నేరుగా వెనకవైపుకి నడిచేది. అక్కడ గోడకు ఆనించి రెండడుగుల పైచిలుకు ఎత్తున్న రాయి. పెద్ద పొట్ట, బరువైన రొమ్ములు, రెండు కాళ్ళూ కిందికి వేలాడేసి కూర్చున్న ఆడమనిషి. ఒక పక్క ఎద్దు మొహం ఉన్న పిల్లాడు, ఇంకో పక్క ఒక ఆడపిల్ల, పైన కాకి. ఊళ్ళో ఆడవాళ్ళు ఆమెను బొజ్జమ్మ అనేవాళ్ళు. నెలలు నిండుతున్న కోడళ్ళను తీసుకొచ్చి, ఆమె పొట్టకు ఆముదం రాయించి, అదే చేత్తో వాళ్ళ పొట్ట నిమురుకోమనేవాళ్ళు. పూజారి ఆ వైపుకి వచ్చేవాడు కాదు, అలాగని అడ్డు చెప్పేవాడూ కాదు.

నేను డిగ్రీలో ఉండగా గుడి జీర్ణోద్ధరణ మొదలైంది. మా ఇంటి నుంచి కూడా చందా వెళ్ళింది. పనులు చూస్తున్న పెద్దమనుషులకు ఎవరో చెప్పారట, అది జ్యేష్ఠాదేవి, దరిద్రదేవత, గుళ్ళో ఉంటే ఊరికి అరిష్టం అని. ఒకరోజు జేసీబీతో ఎత్తి తీసుకెళ్ళి చెరువు కట్ట కింద రాళ్ళ కుప్పలో పడేశారు. ఎద్దు మొహం పిల్లాడి కొమ్ము ఒకటి విరిగింది. నేను అక్కడే ఉన్నాను. దరిద్రదేవత అన్న మాట విని నాకూ భయమేసింది, నోరు తెరవలేదు. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే బాధగానే ఉంటుంది. అవ్వ మాత్రం మిట్టమధ్యాహ్నం ఒక్కతే కట్ట దిగి, చెంబుతో నీళ్ళు పోసి మట్టి కడిగి, పసుపు పూసి వచ్చింది. "లక్ష్మమ్మకు అక్క అయితే మనకు పెద్దమ్మ గదరా, పెద్దమ్మను ఇంట్లోంచి ఎవరన్నా తోసేస్తారా" అంది.

అవ్వ మాట ఎంత నిజమో నాకు తర్వాత తెలిసింది. ఆ రాయి నిజంగానే జ్యేష్ఠాదేవి. పొట్ట, వేలాడే కాళ్ళు, ఎద్దు మొహం కొడుకు, కూతురు, కాకి ధ్వజం, ఇవన్నీ ఆమె గుర్తులే. కొన్నిచోట్ల చీపురు, గాడిద కూడా కనిపిస్తాయి. కానీ ఒకప్పుడు ఆమెను ఎవరూ గుడి బయటకు తోయలేదు. తిరుపతి నుంచి బస్సులో మూడు గంటలు వెళ్తే కంచి కదా, అక్కడ పల్లవుల కైలాసనాథ ఆలయంలో, 8వ శతాబ్దం మొదట్లో కట్టిన గుడిలో, ఆమె శిల్పం చెక్కి ఉంది. తమిళనాడులో మదురై దగ్గర తిరుప్పరంకున్రం కొండగుహలో 773 నాటి శాసనం ఉంది, పాండ్యరాజు కొలువులో ఉన్న సాత్తన్ గణపతి భార్య నక్కన్ కొఱ్ఱి అక్కడ దుర్గకూ జ్యేష్ఠకూ గుళ్ళు చేయించింది. ఒక పెద్దింటి ఇల్లాలు ఏరి కోరి ఆమెకు గుడి చేయించిందంటే అప్పటికి ఆమె అరిష్టం కాదనేగా అర్థం. ఇంకో సాక్ష్యం మనకు బాగా తెలిసినాయన దగ్గరే ఉంది. మనం విప్రనారాయణ అని పిలుచుకునే తొండరడిప్పొడి ఆళ్వార్, రంగనాథుణ్ణి వదిలేసి జ్యేష్ఠ ఒడిలో సంపద కోసం చూస్తున్నారే అని తన పాశురంలో, అంటే తమిళ భక్తి పద్యంలో, జనాన్ని మందలిస్తాడు. మందలించాడంటే ఆమెను సంపద కోసమే కొలిచేవాళ్ళు ఆ రోజుల్లో చాలామందే ఉన్నట్టు. చోళుల కాలం గడిచేకొద్దీ ఆమె పూజ తగ్గిపోయింది, చివరికి తిట్టుగా మిగిలింది. ఇంట్లో డబ్బు నిలవకపోతే పెద్దమ్మ తాండవిస్తోంది అంటాం చూడండి, ఆ పెద్దమ్మే ఈమె.

ఇక మీరు ఎక్కువగా చూడబోయేది సప్తమాతృకలు. ఏడుగురు ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉంటారు, ఒక చివర వినాయకుడు, ఇంకో చివర వీరభద్రుడు కాపలా. మన పల్లెల్లో వీళ్ళనే అక్కదేవతలు, అక్కగార్లు అంటారు. తిరుమల ఘాట్ రోడ్డులో అక్కగార్ల గుడి దాటని డ్రైవర్ ఉండడు. శిల్పం అరిగిపోయినా వారాహిని పంది మొహంతో, బ్రాహ్మిని మూడు తలలతో పట్టేయొచ్చు. ఎముకలు బయటపడి, రొమ్ములు ఎండిపోయి, పుర్రెల దండ వేసుకున్నది చాముండ. మిగతా నలుగురిని చేతిలో ఉన్నవాటిని బట్టో, పీఠం మీద చెక్కిన జంతువును బట్టో చెప్పాలి. నెమలి అయితే కౌమారి, ఎద్దు అయితే మాహేశ్వరి, గరుడుడైతే వైష్ణవి, ఏనుగైతే ఇంద్రాణి. శివాలయంలో వీళ్ళ చోటు ప్రాకారానికి దక్షిణం, మొహం ఉత్తరానికి.

రక్తబీజుణ్ణి చంపడానికి దేవతల శక్తులు ఇలా వచ్చాయని దేవీమాహాత్మ్యం చెప్పే కథ అందరికీ తెలిసిందే. అంతకంటే పాత కథ మహాభారతం శల్యపర్వంలో ఉంది, అక్కడ స్కందుడి, అంటే కుమారస్వామి, వెంట ఉండే మాతృకలు ఏడుగురే కాదు, పెద్ద గుంపు. పసిపిల్లలకు వచ్చే జబ్బులు వాళ్ళ కోపం వల్లే అని జనం భయపడేవాళ్ళు, కాబట్టి శాంతింపజేసేవాళ్ళు. అమ్మవారు పోసింది అని మనం ఇప్పటికీ అంటున్నామంటే ఆ నమ్మకం ఎక్కడికీ పోలేదనే. మన తెలుగు నేల మీద వీళ్ళ పూజ ఎంత పాతదో చెప్పే శాసనం గుంటూరు జిల్లా చేబ్రోలులో గుడి మరమ్మతుల సమయంలోనే దొరికింది. 2019లో చదివారు, శాతవాహన రాజు విజయుడి కాలం, క్రీ.శ. 207. కార్తికుడనే ఆయన అక్కడి శక్తిమాతృక గుడిలో ప్రాసాదం (గుడి కట్టడం), మండపం కట్టించి విగ్రహం పెట్టించాడని అందులో ఉంది. ఆ వార్త చదివిన రోజు మా ఊరి జేసీబీ గుర్తొచ్చి చాలాసేపు ఏమీ తోచలేదు. మరమ్మతు చేసేవాళ్ళు కాస్త ఆగి చూస్తే ఏం దొరుకుతుందో, ఆగకపోతే ఏం పోతుందో ఆలోచించండి. తర్వాత వేంగి చాళుక్యులు తమ శాసనాల్లో మాతృగణం కాపాడిన వంశం మాది అని గొప్పగా రాసుకున్నారు. చిత్తూరు వైపు వాళ్ళకు దగ్గర్లో చూడాలనుంటే పలమనేరు, ముళబాగిలు మీదుగా కోలారు వెళ్ళండి, కోలారమ్మ గుడిలో చోళుల శాసనాలతో పాటు సప్తమాతృకలూ ఉన్నారు.

లజ్జాగౌరి అనే ఇంకో అమ్మదేవత గురించి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే మొదటిసారి చూసినవాళ్ళు ఇబ్బంది పడతారు. తల ఉండదు, తల చోట తామరపువ్వు, కాళ్ళు రెండూ కాన్పు సమయంలో లాగా విచ్చి ఉంటాయి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, అది పుట్టుక. అలంపురంలో ఒకటి ఉంది, బాదామి మ్యూజియంలో ఒకటి ఉంది. నా మనసులో నిలిచిపోయింది మాత్రం నాగార్జునకొండలో దొరికినది. నడుము కింది భాగమే మిగిలింది, దాని మీద ప్రాకృతంలో చిన్న శాసనం. అక్కడి ఇక్ష్వాకు రాజు ఎహువుల చాంతమూలుడి భార్య మహాదేవి ఖండువుల చేయించినది. ఆమె తన గురించి ఏం చెప్పుకుందో తెలుసా? విధవ కానిది, బతికి ఉన్న బిడ్డలు గలది. అంటే ముత్తైదువ, పిల్లల తల్లి. రాణి అయ్యుండీ ఆమె కోరుకున్నది, మా పల్లెలో బొజ్జమ్మ పొట్టకు ఆముదం రాసిన కోడలు కోరుకున్నది ఒకటే. మధ్యలో పదహారు పదిహేడు వందల ఏళ్ళు గడిచాయి.

అన్నీ రాతి విగ్రహాలే ఉంటాయనుకోకండి. మా తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతరే తీసుకోండి. అవిలాల నుంచి చాటింపుతో మొదలై వారం రోజులు బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని రోజుకో వేషం. ఆడవాళ్ళను చెరిచే పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కుంటే, వేషాలు మార్చి వెతికి చివరికి దొర వేషంలో బయటకు రప్పించి చంపిందని కథ. మొక్కుకున్న మగవాళ్ళు చీర కట్టి, జడ వేసుకుని, పూలు పెట్టుకుని వస్తారు. గంగమ్మ వెంకన్నకు చెల్లెలు కాబట్టి తిరుమల నుంచి సారె వస్తుంది. చివరి రాత్రి గుడి ముందు మట్టితో విశ్వరూపం చేస్తారు, తెల్లవారేలోపు ఆ మట్టి చెంప తీసేస్తారు. ఆ మట్టి కోసం జనం ఎగబడతారు, ఇంటికి తెచ్చి దాచుకుంటారు. ఆ అమ్మవారి రూపం ఏ మ్యూజియంలోనూ దొరకదు, మళ్ళీ ఏడాది కొత్తగా చేయాల్సిందే. అలాగే చాలా పల్లెల్లో తల మాత్రమే నేల మీద కూర్చుని ఉంటుంది. అది విరిగిన విగ్రహం కాదు. పరశురాముడు తల నరికిన రేణుక ఎల్లమ్మ, ఆమెది శిరస్సుకే పూజ.

మీ ఊళ్ళో ఇలాంటివి కనిపిస్తే ఎనామిల్ పెయింట్ వేయించొద్దు, ఇసుకతో కొట్టించి శుభ్రం చేయించొద్దు, చేతుల్లో ఉన్న చిన్న చిన్న గుర్తులు ముందు అవే పోతాయి. ఉన్నచోటు నుంచి కదపొద్దు, ఏ దిక్కుకి ఉందన్నదే సగం సమాచారం. ఆ ఊరి ముసలివాళ్ళను, ముఖ్యంగా ఆడవాళ్ళను, ఆమెను ఏమని పిలుస్తారో అడిగి రాసుకోండి. పూజారిని అడిగితే తెలియదనే అంటాడు చాలాసార్లు.

మా బొజ్జమ్మ ఇంకా చెరువు కట్ట కిందే ఉంది. గుళ్ళోకి తిరిగి తీసుకెళ్ళమని ఫోటోలతో రెండుసార్లు అర్జీ పెట్టాను, ఇంకా ఏమీ తేలలేదు. అవ్వ పోయాక ఊరి ఆడవాళ్ళే రాళ్ళ కుప్పలోంచి లేపి నిలబెట్టి, నాలుగు స్తంభాలు నాటి పైన రేకు వేయించారు. పోయిన శుక్రవారం మా చెల్లెల్ని తీసుకెళ్ళాను, దానికి ఏడో నెల. ఆముదం సీసా ఎవరూ చెప్పకుండానే అదే తెచ్చుకుంది.

మీరు చూసిన రాయి ఫోటో ఉంటే ఇక్కడ పెట్టండి. పసుపు తుడవకుండా, పొద్దున పక్క నుంచి ఎండ పడేటప్పుడు తీయండి, చేతులూ పీఠమూ స్పష్టంగా కనిపిస్తే పేరు చెప్పడానికి ప్రయత్నిస్తాను.