ఒక్కరోజు పరుగుకు వెళ్ళి మానేసిన మా అబ్బాయి

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అబ్బాయికి 18 ఏళ్ళు. విజయవాడ శివార్లలోని ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదివాడు. అనుకున్న ర్యాంకు రాక ఇక్కడికి దగ్గర్లోనే ఇంజనీరింగ్‌లో చేరాడు. హాస్టల్లో ఉన్న రెండేళ్ళలో 14 కిలోల బరువు పెరిగాడు. ఇప్పుడు స్నేహితులంటూ ఎవరూ లేరు. కాలేజీ నుంచి రాగానే గది తలుపు వేసుకుని అర్ధరాత్రి దాటేదాకా ఫోన్ చూస్తాడు. కుర్రవాళ్ళంతా కలిసి పొద్దున్నే పరుగెత్తే క్లబ్బు ఒకటి ఉందని తెలిసి, మూడు నెలల ఫీజు కట్టి, బూట్లు కొని, బతిమాలి పంపించాను. ఒక్కరోజే వెళ్ళాడు. మిగిలినవాళ్ళు పరుగు ముగించి టీ తాగుతుంటే తను ఒక్కడే ఆఖరున చేరాడట. సాయంత్రం ఎవరు ఎంత సేపట్లో పూర్తి చేశారో వాట్సాప్ గ్రూపులో పట్టిక పెట్టారు. ఆ మర్నాటి నుంచి వెళ్ళనంటున్నాడు. మా తమ్ముడు “గారాబం చేసి చెడగొట్టావు, నాలుగు తగిలిస్తే వాడే వెళతాడు” అంటాడు. మావారిది మిర్చి యార్డులో పని, సీజన్లో తెల్లవారకముందే వెళ్ళిపోతారు, అడిగితే “వాడిష్టం” అంటారు. బలవంతంగానైనా పంపమంటారా, వదిలెయ్యమంటారా?

సలహా: అమ్మా, బలవంతంగా పంపవద్దు. అలాగని ఆ ప్రయత్నాన్ని పూర్తిగా వదిలెయ్యవలసిన అవసరమూ నాకు కనిపించడం లేదు. మీరు ఒకే ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్ళిపోయిన విషయం, అంటే ఆ సాయంత్రం గ్రూపులో పెట్టిన పట్టిక, నాకు మీ ఉత్తరం మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైనదిగా తోచింది. మన రెసిడెన్షియల్ కాలేజీల్లో చదివిన పిల్లల్ని అడిగి చూడండి: తెల్లవారుజామున స్టడీ అవర్, వారాంతంలో పరీక్ష, ఆ వెంటనే ర్యాంకుల జాబితా, మార్కులు తగ్గితే సెక్షను మార్పు. రెండేళ్ళపాటు జాబితాలో తన పేరు ఎక్కడుందో వెతుక్కుంటూ గడిపి, చివరికి పెద్ద పరీక్షలో కూడా ఆ పేరు కోరుకున్న చోట కనిపించక ఇంటికి వచ్చిన పిల్లవాడికి, తనకు ఎవరూ తెలియని కొత్త గుంపులో మొదటి రోజే మళ్ళీ ఒక జాబితా, అందులో తన పేరు అట్టడుగున కనిపిస్తే ఎలా ఉంటుందో మీరు ఊహించగలరు. పట్టిక పెట్టినవాళ్ళకు చెడు ఉద్దేశం ఏమీ ఉండి ఉండదు. బాగా పరుగెత్తేవాళ్ళకు అది ఉత్సాహాన్నిస్తుంది కూడా. అయితే మీ అబ్బాయి ఇప్పుడున్న స్థితిలో అది చేయగలిగింది హాని మాత్రమే.

మీ తమ్ముడుగారు దీన్ని సుకుమారం అంటున్నారు గాని, మీరు రాసిన వివరాలే ఆ మాటను నిలబడనివ్వవు. అర్ధరాత్రి దాటేదాకా మేలుకునే కుర్రవాడు తల్లి మాట కోసం చీకటితో లేచాడు, ముక్కూ మొహం తెలియని వాళ్ళ మధ్యకు వెళ్ళాడు, అందరూ ముందుకు వెళ్ళిపోయినా సగంలో ఆటో ఎక్కి వచ్చెయ్యకుండా ఆ దూరమంతా పూర్తి చేశాడు. ఆ రోజు ఇంట్లో ఎవరైనా అతనితో ఈ మాట అన్నారా? అనకపోతే ఇప్పుడైనా అనవచ్చు, ఆలస్యమేమీ కాలేదు. పద్దెనిమిదేళ్ళవాణ్ణి కొట్టి పరుగుకు పంపాలన్న సలహా గురించి నేను ఎక్కువ చెప్పను. అలాంటి మాట అబ్బాయి చెవిన పడేలా ఇంట్లో అనవద్దని మీ తమ్ముడికి మీరే గట్టిగా చెప్పాలి, తన పిల్లలతో పోలికలు తెస్తుంటే వాటినీ ఆపమనాలి.

ఇక శరీరం సంగతి. రెండేళ్ళు బెంచీ మీద కూర్చున్న మనిషి మొదటి రోజే అలవాటున్నవాళ్ళ వేగాన్ని అందుకోలేకపోవడంలో వింతేమీ లేదు. పరుగెత్తేటప్పుడు ప్రతి అడుగులోనూ కాలి మీద శరీర బరువుకు రెండు మూడు రెట్ల భారం పడుతుంది, అందువల్ల పెరిగిన 14 కిలోలు మోకాళ్ళకూ పిక్కలకూ ఇంకా ఎక్కువగా తెలుస్తాయి. ఊపిరి, గుండె కొన్ని వారాల్లోనే కొత్త శ్రమకు అలవాటు పడతాయి గాని, ఎముకలూ వాటిని పట్టి ఉంచే స్నాయువులూ (లిగమెంట్లు, టెండన్లు) గట్టిపడటానికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. ఊపిరి కుదిరింది కదా అని తొందరపడి దూరం పెంచినవాళ్ళకే మోకాలి కింద ముందువైపు ఎముక వెంబడి నొప్పి మొదలై, నెలల తరబడి కూర్చోవలసి వస్తుంది. కనుక మొదట్లో వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కొక్క రోజు విరామంతో, ఒక నిమిషం మెల్లగా పరుగెత్తడం, రెండు నిమిషాలు నడవడం, ఇలా ఇరవై పాతిక నిమిషాలు చేస్తే చాలు. వేగం సరిపోయిందా అన్నది తెలుసుకోవడానికి గడియారం అక్కర్లేదు. పక్కనున్నవాళ్ళతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే సరిపోయినట్టు, రెండు ముక్కలకే ఆయాసం వస్తుంటే తగ్గించాలి. పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమగానీ 75 నిమిషాల గట్టి శ్రమగానీ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దాన్ని మెల్లగా అందుకుంటే చాలు, మొదటి నెలలోనే పూర్తి చెయ్యాలని లేదు. పరుగెత్తేటప్పుడు ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం వంటివి కనిపించినా, లేక మీ కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా గుండెజబ్బుతో పోయి ఉన్నా, ముందు డాక్టరుకు చూపించిన తరువాతే పరుగు సంగతి ఆలోచించండి.

ఇదంతా ఒంటరిగానూ చెయ్యవచ్చు కదా, క్లబ్బు ఎందుకు అని మీకు అనిపించవచ్చు. మీ అబ్బాయికి కరువైనది వ్యాయామం ఒక్కటే అయితే నేనూ అదే చెప్పేవాణ్ణి. అతనికి తోటివాళ్ళు కూడా లేరు. ఎదురెదురుగా కూర్చుని కబుర్లు మొదలుపెట్టడం చేతకాని మగపిల్లలకు, పక్కపక్కన నడుస్తూ, ఒకరి మొహం ఒకరు చూడనక్కర్లేకుండా రెండు మాటలు అనుకోవడం చాలా తేలిక. కలిసి పరుగెత్తడంలో ఉన్న అసలు లాభం అదేనని నా అభిప్రాయం. అందుకే క్లబ్బు అన్న ఆలోచనను నేను తోసిపుచ్చడం లేదు. అయితే ఆ గుంపులో వెనకబడినవాడికి తోడు ఎవరైనా ఉంటారా అన్న ఒక్క ప్రశ్న మీద నిర్ణయం ఆధారపడాలి. లండన్‌లోని బుషీ పార్కులో 2004లో 13 మందితో మొదలై, ఇప్పుడు అనేక దేశాల్లో వారంవారం జరుగుతున్న పార్క్‌రన్ అనే 5 కిలోమీటర్ల ఉచిత పరుగులో, అందరికన్నా వెనక నడుస్తూ రావడమే పనిగా ఒక కార్యకర్త ఉంటారు. కాబట్టి పరుగుకు వచ్చినవాళ్ళలో ఎవరూ ఆఖరున ఒంటరిగా చేరవలసిన పని ఉండదు. అక్కడా సమయాలు ప్రకటిస్తారు, నిజమే, కానీ నడిచి పూర్తి చేసినవాళ్ళు కూడా ఆ జాబితాలో బోలెడంతమంది ఉంటారు. ఇంత చిన్న ఏర్పాటుకు డబ్బు ఖర్చు లేదు, మన ఊళ్ళో క్లబ్బు నడిపేవాళ్ళు కూడా తలుచుకుంటే రేపటి నుంచే చెయ్యవచ్చు.

క్లబ్బువాళ్ళతో మాట్లాడవలసింది మీరు కాదు, అతనే. ఇంజనీరింగ్ చదువుతున్న కొడుకు తరఫున అమ్మ ఫోన్ చేసి “మావాణ్ణి కాస్త చూసుకోండి” అన్నదని గుంపులో తెలిస్తే, ఇక ఆ వైపు తొంగి కూడా చూడడు. కొత్తవాళ్ళకు వేరుగా బృందం ఉందా, వెనక ఎవరైనా ఉంటారా, తన పేరు పట్టికలో లేకుండా చెయ్యవచ్చా అన్న మూడు ప్రశ్నలూ అతనే ఒక చిన్న మెసేజీలో అడగగలడు. వాళ్ళు పరుగును యాప్‌లో నమోదు చేస్తుంటే, ఆ వివరాలు తనకొక్కడికే కనిపించేలా పెట్టుకునే వీలు స్ట్రావా వంటివాటిలో ఉంది. జవాబు మర్యాదగా వస్తే మళ్ళీ ఒకసారి వెళ్ళి చూడవచ్చు. నవ్వి ఊరుకుంటే మాత్రం ఆ క్లబ్బు ఎంత పేరున్నదైనా మీ అబ్బాయికి పనికిరాదు, అప్పుడు బృందావన్ గార్డెన్స్‌లోని ఎన్టీఆర్ స్టేడియం వంటి చోట, కాలేజీలో తనలాగే కొత్తగా మొదలుపెట్టాలనుకునే ఒక్క కుర్రవాడు తోడు దొరికినా చాలు.

అతనితో ఈ మాట ఎప్పుడు ఎత్తాలన్నది కూడా ఆలోచించండి. పొద్దున్నే మంచం పక్కన బూట్లు పట్టుకుని నిలబడి మాత్రం ఎత్తవద్దు, అన్నం దగ్గర అసలే వద్దు. ఏ సాయంత్రమో ఇద్దరూ బండి మీద బజారుకు వెళ్ళివస్తున్నప్పుడు, “నాన్నా, ఆ రోజు గ్రూపులో అట్లా పేర్లు పెట్టడం నాకూ నచ్చలేదు. నిన్ను అడక్కుండా ఫీజు కట్టాను. వెళతావో మానేస్తావో నువ్వే ఆలోచించుకో, ఈ నెలంతా నేను ఆ ఊసెత్తను” అని చెప్పి ఆపెయ్యండి. ఆ తరువాత నిజంగానే నెలంతా ఊసెత్తకుండా ఉండటం మీకు కష్టమనిపిస్తుంది, ముఖ్యంగా గుమ్మంలో కొత్త బూట్లు దుమ్ము పట్టి కనిపించినప్పుడల్లా. అయినా మాట నిలబెట్టుకోండి. ఈలోగా బరువు గురించి, పొట్ట గురించి ఇంటికి వచ్చినవాళ్ళు వ్యాఖ్యలు చేస్తుంటే మీరే మాట మళ్ళించండి, మన ఇళ్ళలో అవి పలకరింపుల్లాగా చలామణీ అవుతాయి గనుక ఎవరూ తప్పనుకోరు.

మీవారు “వాడిష్టం” అనడం పైకి స్వేచ్ఛ ఇచ్చినట్టే కనిపిస్తుంది, కానీ పిల్లవాడికి అది “నాకు పట్టదు” అన్నట్టుగా వినిపించే అవకాశం ఉంది. మిర్చి సీజన్లో యార్డు పని ఎంత ఒత్తిడో గుంటూరు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆయన్ని రోజూ తీరిక చేసుకోమని నేననను. యార్డుకు సెలవున్న రోజు సాయంత్రం కొడుకుతో కలిసి ఒక అరగంట నడవమనండి, ఆ అరగంటలో చదువు గురించీ సప్లిమెంటరీల గురించీ అడగకూడదన్నది ఒక్కటే షరతు.

నిద్ర సంగతి తేల్చకుండా పొద్దుటి పరుగు కుదరదు. ఆ వయసుకు ఏడు నుంచి తొమ్మిది గంటల నిద్ర కావాలి, ఒంటిగంటకు పడుకుని అయిదింటికి లేచి పరుగెత్తితే వచ్చేది నీరసమే. ముందు సాయంత్రం పూట మొదలుపెట్టి, శరీరం అలసి నిద్ర తొందరగా రావడం అలవాటయ్యాక పొద్దుటికి మార్చుకోవచ్చు. అయితే మన దగ్గర మార్చి దాటాక సాయంత్రం ఆరింటికి కూడా రోడ్డు సెగలు కక్కుతూనే ఉంటుంది, కాబట్టి ఎండాకాలంలో తెల్లవారుజాము తప్ప వేరే దారి లేదు, రోహిణి కార్తెలో అయితే పరుగు మానేసి నడకతో సరిపెట్టుకోవడమే మంచిది. వెళ్ళే ముందు ఒక అరటిపండు, వచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ సరిపోతాయి, పొడులూ డబ్బాలూ కొనకండి. చీకట్లో వీధికుక్కల బెడద ఉంటుంది గనుక సందుల్లో ఒంటరిగా పరుగెత్తవద్దని మాత్రం చెప్పండి.

ఒక విషయం మాత్రం పరుగుతో ముడిపెట్టకుండా విడిగా గమనించాలి. గది తలుపు వేసుకోవడం, స్నేహితులు లేకపోవడం కొంతవరకు ఈ వయసులో, ఈ పరిస్థితిలో సహజమే. కానీ రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉండటం, ఇంతకుముందు ఇష్టపడిన పాటలూ క్రికెట్టూ కూడా వద్దనడం, తిండి బాగా తగ్గడం లేదా విపరీతంగా పెరగడం, స్నానం చెయ్యడానికి కూడా మనసొప్పకపోవడం, “నేనెందుకూ పనికిరాను” అని పదేపదే అనడం వంటివి కలిసి కనిపిస్తే, అది పరుగుతో తీరేది కాదు, మానసిక వైద్యుడికి చూపించవలసినది. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఇంట్లో నుంచే మాట్లాడాలనుకుంటే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చెయ్యవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, మీరు తల్లిగా కూడా చెయ్యవచ్చు. చచ్చిపోవాలని ఉందన్న మాట నోట వస్తే మాత్రం బెదిరింపు అని కొట్టిపారేయకుండా, అతన్ని ఒంటరిగా వదలకుండా, ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. బరువు అంత పెరిగింది గనుక ఎలాగూ ఒకసారి థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించడం మంచిది. అందులో ఏదైనా తేడా బయటపడితే, ఇన్నాళ్ళూ సోమరితనం అనుకున్నదానికి వేరే కారణం దొరికినట్టవుతుంది.

చివరగా, మూడు నెలల ఫీజు గురించి మీరు నేరుగా అడగలేదు గాని అది మనసులో ఉన్నట్టే కనిపిస్తోంది. అబ్బాయి మళ్ళీ వెళతానంటే గడువును కొంత ముందుకు జరపమని అతన్నే అడగమనండి, చాలామంది నిర్వాహకులు అందుకు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోయినా, అతను వెళ్ళకపోయినా, ఆ డబ్బు పోయిందనే అనుకోండి. “అంత డబ్బు కట్టాను” అన్న మాట మాత్రం అతని ముందు రానివ్వకండి, ఎందుకంటే హాస్టలు ఫీజు విషయంలో అతను ఆ మాట ఇప్పటికే చాలాసార్లు విని ఉంటాడు.