పాఠకుల ప్రశ్నలు: మోడల్ విమానం మీద గీతలు, రివెట్లు, తీగలు

ప్రశ్న: పాత 1/72 కిట్ (అసలు విమానంలో 72వ వంతు సైజు) ఒకటి కడుతున్నాను. ప్యానెల్ గీతలన్నీ (రేకుల అతుకుల్ని చూపేవి) ఉబ్బెత్తుగా ఉన్నాయి. అతుకు రుద్దేసరికి సగం మాయమయ్యాయి. వాటి బదులు లోతు గీతలు గీద్దామంటే సూది జారి రెక్క నిండా గాట్లు పడ్డాయి. తప్పు ఎక్కడ జరుగుతోంది?

జవాబు: మొదటి గీటులోనే. లోతు ఒక్కసారే రావాలని నొక్కితే మొన ప్లాస్టిక్‌లో దిగబడుతుంది, దాన్ని లాగడానికి ఇంకా బలం పెడతాం, అప్పుడు అది పక్కకి జారుతుంది. మొదటి రెండు గీట్లకు సూది బరువు చాలు. వాటితో దారి పడుతుంది. ఆ తర్వాత నాలుగైదు సార్లు ఒకే దిశలో లాగితే లోతు అదే వస్తుంది. వెనక్కీ ముందుకీ లాగితే గీత వెడల్పవుతుంది. రేకుల మధ్య సందు అసలు విమానంలో 2 మి.మీ. ఉందనుకున్నా, 1/72లో అది 0.03 మి.మీ. లోపే. కాబట్టి మనం ఎంత సన్నగా గీసినా ఎక్కువే అవుతుంది.

మిగిలిన ఉబ్బు గీతల్ని ముందే మొత్తం రుద్దేయకండి. గీత ఎక్కడ పడాలో చెప్పేవి అవే. 600 నంబర్ వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) సగం ఎత్తుకు తగ్గించి, వాటిని ఆనుకుని డైమో టేపు అంటించండి. అక్షరాలు అచ్చొత్తే ఆ లేబుల్ టేపు మందంగా ఉంటుంది కనుక సూది దాని మీదికి ఎక్కదు. మామూలు మాస్కింగ్ టేపు ఈ పనికి రాదు, సూది దాని అంచును కోసుకుంటూ పోతుంది. వంపు ఉన్నచోట డైమో టేపును 2, 3 మి.మీ. వెడల్పున చీల్చి వాడితే వంగుతుంది. గీత పడ్డాక మిగిలిన ఉబ్బును 1000 నంబర్‌తో తీసేసి, గీతల్లో చేరిన పొడిని పాత టూత్‌బ్రష్‌తో నీళ్లలో కడగండి.

సూది ప్లాస్టిక్‌ను కొయ్యదు, నాగలిలా చీల్చి రెండు పక్కలకూ నెడుతుంది. అందుకే గీత అంచులు గరుకుగా లేస్తాయి. పైపైన రుద్దాక, సన్నని బ్రష్‌తో నీళ్లలాంటి ప్లాస్టిక్ సిమెంట్‌ను గీత వెంట ఒక్కసారి పోనిస్తే అంచులు నునుపవుతాయి. బ్రష్ నిండా తీసుకుంటే మాత్రం గీత మెత్తబడి మూసుకుపోతుంది.

ఇప్పటికే పడ్డ గాట్లను పుట్టీతో నింపకండి. దాని మీదుగా మళ్లీ గీత గీస్తే పుట్టీ అంచులు రాలిపోతాయి. సూపర్‌గ్లూతో నింపి, అది గట్టిపడగానే, అదే పూటలో రుద్ది గీసేయండి. రేపటికి వాయిదా వేస్తే అది ప్లాస్టిక్ కంటే గట్టిగా తయారై, సూది దాని మీద నిలవకుండా పక్కనున్న మెత్తటి ప్లాస్టిక్‌లోకి జారుతుంది. కొంచెం టాల్కం పౌడర్ కలిపితే రుద్దడం తేలిక.

ప్రశ్న: 1/48 మస్టాంగ్ మొత్తానికి రివెట్ చక్రంతో (దొర్లిస్తే వరుసగా గుంటలు పెట్టే పళ్ల చక్రం) రివెట్లు, అంటే రేకుల్ని బిగించే మేకుల గుర్తులు, వేయాలనుకుంటున్నాను. ఎంత దూరంలో ఉండాలి?

జవాబు: మొత్తానికి వద్దు. పి-51 మస్టాంగ్ రెక్క ముందు భాగంలో రివెట్లనూ రేకుల అతుకులనూ ఫ్యాక్టరీలోనే పుట్టీ పూసి, నున్నగా రుద్ది, రంగు వేసేవారు. గాలి రెక్కను అంటిపెట్టుకుని పోవాలని ఆ శ్రమంతా. అక్కడ చక్రం తిప్పితే అసలు విమానంలో లేనిదాన్ని చేర్చినట్టే. రడ్డర్‌కు (తోక మీది చుక్కాని) గుడ్డ తొడుగు, అక్కడా వద్దు. బాడీ మీద వేసుకోండి.

దూరం లెక్క తేలికే. అసలు విమానంలో రివెట్‌కూ రివెట్‌కూ మధ్య 25 మి.మీ. ఉంటే 1/48లో 0.52 మి.మీ., 1/72లో 0.35 మి.మీ. అవుతుంది. 1/72లో అంత దగ్గరగా గుచ్చినవి ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) కాస్త మందంగా పడితే పూడుకుపోతాయి. ఆ స్కేల్‌లో ప్యానెల్ గీతలతో ఆపడమే మేలని మా అభిప్రాయం. చక్రాన్ని ఎప్పుడూ టేపు అంచుకు ఆనించే తిప్పండి. ఒకసారి పోయిన వరుస మీద రెండోసారి తిప్పితే పళ్లు పాత గుంటల్లో పడవు, వరుస చెదిరి రెండింతలవుతుంది.

మిగతా విమానాలకూ ఇదే జాగ్రత్త. మస్కిటో ఒళ్లంతా చెక్క, రివెట్ వరుసలు ఉండవు. హరికేన్ బాడీ వెనక భాగం గుడ్డ. స్పిట్‌ఫైర్ సంగతి ఇంకా ఆసక్తికరం. పరీక్షల కోసం కట్టిన మొదటి అసలు విమానం మీద చదును తల రివెట్లు వాడిన, దాని తయారీ సంస్థ సూపర్‌మెరైన్ ఇంజనీర్లు, గుండ్రటి తలలు వాడితే ఎంత వేగం తగ్గుతుందో చూడ్డానికి ఒక్కో రివెట్ మీదా బఠాణీ బద్ద అంటించి ఎగరేశారు. గంటకు 22 మైళ్లు తగ్గింది. తర్వాత ఆ బద్దల్ని భాగాలవారీగా పీకుతూ, ఎక్కడ గుండ్రటి తల ఉన్నా నష్టం లేదో తేల్చుకున్నారు. అందుకే తొలి స్పిట్‌ఫైర్ల బాడీ వెనక భాగంలో ఉబ్బు రివెట్లు, రెక్కల మీద చదునువి. చక్రం గుంటలే చేస్తుంది. ఉబ్బు రివెట్లు కావాలంటే రెసిన్ బుడిపెలున్న డెకాల్ షీట్లు (నీళ్లలో తడిపి అంటించేవి) వాడాలి.

ప్రశ్న: ల్యాండింగ్ గేర్‌కు బ్రేకు గొట్టాలు చేర్చాలి. ఏ తీగ వాడాలి?

జవాబు: వంపులు ఎక్కువుంటే సీసం తీగ. వంచిన చోట వంచినట్టే ఉంటుంది, స్ప్రింగులా వెనక్కి రాదు. నిటారుగా ఉండాల్సిన చోట రాగి. మెత్తటి కరెంటు వైరులోని పోగులు బాగా పనికొస్తాయి. అసలు గొట్టం 15 మి.మీ. లావుంటే 1/48లో 0.3, 1/72లో 0.2 మి.మీ. తీగ సరిపోతుంది. సీసం తీగను పట్కారుతో నొక్కితే చదునైపోతుంది, వేళ్లతోనే వంచి, పని అవగానే చేతులు సబ్బుతో కడుక్కోండి. ప్లాస్టిక్ సిమెంట్ లోహాన్ని పట్టదు, సూపర్‌గ్లూ కావాలి. అన్నిటికంటే ముఖ్యం, తీగ కొసలు రెండూ 0.3 మి.మీ. బిట్‌తో వేసిన రంధ్రాల్లోకి దూరాలి. పైన అంటించి వదిలేస్తే ఎంత మంచి తీగైనా అతికించినట్టే కనిపిస్తుంది.

ప్రశ్న: 1/72లో క్యానపీ (పైలట్ మీది అద్దాల మూత) మూసే ఉంచుతాను. కాక్‌పిట్‌లో ఎంత పని చెయ్యాలి?

జవాబు: సీటు, భుజం బెల్టులు, గన్‌సైట్. అంతే. బెల్టు వెడల్పు 0.6, 0.7 మి.మీ. దాటకూడదు, మాస్కింగ్ టేపు నుంచి కోసుకోవచ్చు. మందపాటి క్యానపీ లోంచి ఇంకేదీ తెలియదు. మిగిలిన ఓపిక రెక్క వెనక అంచు మీద పెట్టండి. కిట్‌లో అది 0.5 మి.మీ. ఉందంటే అసలు విమానంలో 36 మి.మీ. మందమన్నమాట! రెక్క రెండు ముక్కల్నీ అతికించకముందు, చదునైన బల్ల మీద పరిచిన వాటర్ పేపర్‌పై లోపలి వైపు రుద్దండి. బయటి గీతలు చెక్కుచెదరవు. అంచు గుండా వెలుతురు కనిపించగానే ఆపేయండి, ఇంకా రుద్దితే అంచు పీలికలవుతుంది.

ప్రశ్న: తుపాకీ గొట్టాలకు ఇంజెక్షన్ సూదులు వాడొచ్చా?

జవాబు: వాడొచ్చు, వాడనివి మాత్రమే. 25 గేజ్ బయటి కొలత 0.5 మి.మీ., 23 గేజ్ 0.6, 21 గేజ్ 0.8. వైర్ కట్టర్‌తో కత్తిరిస్తే నోరు మూసుకుపోతుంది. సన్నని ఆకురాయితో చుట్టూ గాడి పెట్టి, రెండు పట్కార్లతో అటూ ఇటూ వంచితే అక్కడే తెగుతుంది. ఏటవాలు మొనను మొదటే తీసేయండి. తెగిన ముక్క ఎగిరి పడకుండా పని అంతా ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి చేసుకోండి, కళ్లద్దాలు తప్పనిసరి.