ఓబీడీ కేబుల్ పెట్టినా ల్యాప్‌టాప్‌కి కారు కనెక్ట్ కావట్లేదు, ఏం చూడాలి?

ఇంజిన్ లైట్ వెలిగిందని, కారు కంప్యూటర్ గుర్తించిన లోపాలు ల్యాప్‌టాప్‌లో చూద్దామని ఈఎల్ఎం327 (ELM327) అనే చిప్ ఉన్న యూఎస్‌బీ కేబుల్ కొన్నారు, స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్‌లో పెట్టారు, కేబుల్ లైట్ వెలుగుతోంది, అయినా సాఫ్ట్‌వేర్ కనెక్ట్ కాలేదంటోంది. ఇదీ మీ సమస్య. అప్పుడే కారుని అనుమానించకండి. నేను చూసినంతవరకు చిక్కంతా ఎక్కువగా ల్యాప్‌టాప్‌కీ కేబుల్‌కీ మధ్యే ఉంటుంది.

కేబుల్ లైట్‌ని నమ్మొద్దు. ఆ సాకెట్‌లో 16వ పిన్‌కి బ్యాటరీ కరెంటు ఎప్పుడూ వస్తూనే ఉంటుంది, అందుకని తాళం తీసేసినా లైట్ వెలుగుతుంది. కారు కంప్యూటర్ బదులివ్వాలంటే మాత్రం ఇగ్నిషన్ ఆన్‌లో ఉండాలి. ఇంజిన్ స్టార్ట్ చేయక్కర్లేదు.

ఇప్పుడు ల్యాప్‌టాప్ విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరవండి. కేబుల్ పెట్టగానే కొత్త కామ్ పోర్ట్ (కేబుల్‌కి ల్యాప్‌టాప్ ఇచ్చే COM నంబర్) కనిపించాలి. పసుపు గుర్తు ఉంటే డ్రైవర్ సరిగ్గా పడలేదన్నమాట. లోపల ఉన్నది ఎఫ్‌టీడీఐ చిప్పో, సీహెచ్340 చిప్పో చూసుకుని దాని డ్రైవర్ వేయండి. సాఫ్ట్‌వేర్‌లోనూ అదే కామ్ నంబర్ ఇచ్చి, బాడ్ రేట్ (డేటా వేగం) 38400 పెట్టండి. అప్పటికీ పలక్కపోతే 115200.

ఆ తర్వాత పుట్టీ (PuTTY) లాంటి టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే ప్రోగ్రామ్‌లో, అదే కామ్ నంబర్, బాడ్ రేట్ ఇచ్చి ఏటీజెడ్ (ATZ) అని కొట్టండి. ఈఎల్ఎం327 అని వెర్షన్ నంబర్‌తో బదులొస్తే ల్యాప్‌టాప్ వైపు అంతా బాగున్నట్టే. ఏటీఎస్‌పీ0 (ATSP0) కొడితే ప్రోటోకాల్, అంటే కారు మాట్లాడే పద్ధతి, అదే వెతుక్కుంటుంది. తర్వాత 0105 కొట్టండి, అంటే కూలెంట్ వేడి ఎంత అని అడగడం. 41 05 78 అని వచ్చిందనుకోండి, ఆ 78 హెక్స్ (పదహారు ఆధారంగా లెక్కించే) అంకె, మన లెక్కలో 120. అందులోంచి 40 తీసేస్తే 80 డిగ్రీలు. ఈ అంకె చూశారంటే కారు మీతో మాట్లాడుతున్నట్టే. చవక నకిలీ కేబుళ్లు కొన్ని కమాండ్లకి ఉత్త ప్రశ్నార్థకం తిప్పి పంపుతాయి. అలాంటిదైతే మార్చేయడమే మేలు.

కనెక్ట్ అయ్యాక దయచేసి వెంటనే క్లియర్ నొక్కకండి. లోపం కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా చెరిగిపోతుంది. లోపం వచ్చిన క్షణంలో ఆర్‌పీఎం ఎంత, వేడి ఎంత, లోడ్ ఎంత అన్నవన్నీ అందులోనే ఉంటాయి. ముందు వాటిని ఫొటో తీసి పెట్టుకోండి.

మా పెట్రోల్ కారు సిగ్నల్ దగ్గర ఆగితే అదిరిపోయేది. షెడ్డులో ఇంజెక్టర్లన్నీ మార్చాలన్నారు. కేబుల్ పెడితే పీ0301 వచ్చింది, అంటే ఒకటో సిలిండర్‌లో మిస్‌ఫైర్, పెట్రోల్ సరిగ్గా మండట్లేదన్నమాట. వివరాలు రాసుకుని, ఒకటో సిలిండర్ ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్‌కి కరెంటు ఇచ్చేది) రెండోదానికీ, రెండోదానిది ఒకటోదానికీ మార్చి బిగించి, కోడ్ చెరిపి ఊళ్లో ఒక చుట్టు తిప్పాను. ఈసారి పీ0302. కాయిల్‌తో పాటే లోపమూ రెండో సిలిండర్‌కి వెళ్లింది. ఆ ఒక్క కాయిల్ మార్చాక కారు మళ్లీ అదరలేదు. ఇంజెక్టర్ల జోలికే పోలేదు.

ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లు మామూలు ఓబీడీ సాఫ్ట్‌వేర్‌లో సాధారణంగా రావు, వాటికి ఆ కంపెనీ కారుకి సరిపోయే సాఫ్ట్‌వేర్ కావాలి. పని అయ్యాక కేబుల్ తీసేయండి, లేకపోతే బ్యాటరీ మెల్లగా దిగిపోతుంది.

ఏటీజెడ్‌కి ఏం వచ్చిందో, 0105కి ఏం వచ్చిందో, కారు ఏ సంవత్సరానిదో రాయండి. మన దేశంలో కార్లకి ఓబీడీ 2 తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. అంతకు ముందు బండి అయితే ప్రోటోకాల్‌ని చేత్తో ఎంచుకోవాల్సి రావచ్చు, ఆ వరస అప్పుడు చెబుతాను.