సముద్రంలో కాలు పెట్టిన హిమానీనదాలు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: గ్రీన్‌లాండ్‌లో యాకోబ్స్‌హావన్ హిమానీనదం శరవేగంగా వెనక్కి పోతోందని చదివాను. అదే హిమానీనదం 2016 తరవాత ముందుకు జరిగిందని, మందం కూడా పెరిగిందని కొన్ని వీడియోల్లో చూశాను. ఏది నిజం?
– డిగ్రీ విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: రెండూ నిజమే. రెండింటికీ మూలం ఒకటే: దాని కొసకు అడుగున తగిలే సముద్రపు నీటి వేడి.

ఇలులిస్సాట్ పట్టణం పక్కన ఫియర్డ్‌లోకి (నిటారు గట్ల మధ్య నేలలోకి చొచ్చుకొచ్చిన ఇరుకైన సముద్రపు పాయలోకి) దిగే ఈ హిమానీనదం గ్రీన్‌లాండ్ మంచుపలకలో సుమారు 6.5 శాతం మేర మంచును సముద్రానికి మోస్తుంది. 1990ల చివరి దాకా దాని కొసన దాదాపు 15 కిలోమీటర్ల మంచునాలుక నీటిమీద తేలుతూ ఉండేది. ఫియర్డ్ గోడలను ఒరుసుకుంటూ అది వెనకున్న మంచును నిలువరించేది. 1997లో అట్లాంటిక్ నుంచి వెచ్చటి ఉప్పునీరు ఆ ఫియర్డ్ బయటనున్న డిస్కో అఖాతం అడుగుకు చేరింది. ఈ సంగతి బయటపడింది రొయ్యల సర్వే పడవల వల్ల! అడుగున వలలు లాగుతూ వాళ్లు ఏటేటా రాసుకున్న ఉష్ణోగ్రతల్లోనే ఆ మార్పు దొరికింది. 2003 నాటికి నాలుక ముక్కలైపోయింది. 1992లో ఏడాదికి 5.7 కిలోమీటర్లు కదిలిన మంచు, అడ్డు తొలగాక 2003లో 12.6 కిలోమీటర్లకు చేరింది. 2012 వేసవిలో రోజుకు 46 మీటర్ల వేగం అందుకుంది.

2016లో అఖాతంలోకి మళ్లీ చల్లటి నీరు వచ్చింది. ఉత్తర అట్లాంటిక్‌లో నీటి వేడి కొన్నేళ్లు పెరిగి, కొన్నేళ్లు తగ్గడం సహజమే. వేగం తగ్గింది, కొస ముందుకు జరిగింది. అయినా ఆ ఏళ్లలో కూడా అది పైన పడే మంచు కంటే ఎక్కువే సముద్రంలోకి వదిలింది. ఆ వీడియోలు ఈ ఒక్క సంగతి చెప్పకుండా వదిలేస్తాయి.

ఇక్కడ ‘వెచ్చటి నీరు’ అంటే మూడు నాలుగు డిగ్రీలే. కానీ ఉప్పునీరు గడ్డకట్టేది మైనస్ 1.9 డిగ్రీల దగ్గర. లోతుకు పోయేకొద్దీ పీడనం వల్ల అది కిలోమీటరుకు ముప్పావు డిగ్రీ చొప్పున ఇంకా తగ్గుతుంది. కాబట్టి అడుగున మూడు డిగ్రీల నీరంటే మంచుకు అయిదు డిగ్రీలకు మించిన వేడి తగిలినట్టు. కరిగిన మంచినీరు తేలిక గనక పైన పరుచుకుంటుంది, వెచ్చటి ఉప్పునీరు బరువు గనక కింద ఉంటుంది. సముద్రపు పైపొర ఉష్ణోగ్రతల పటం చూసి హిమానీనదం గతి చెప్పబోతే తప్పేది ఇందుకే.

దీనికి వేసవి తోడవుతుంది. పైన కరిగిన నీరు బీటల్లోంచి అడుగుకు దిగి, మంచుకింద కాలువలుగా పారి, కొస కింద సముద్రంలో కలుస్తుంది. మంచినీరు కదా, జివ్వున పైకి లేస్తుంది. లేస్తూ వెచ్చటి ఉప్పునీటిని మంచుగోడ వెంట పైకి లాగుతుంది. గోడ కింద కోసుకుపోయి, పైన వేలాడే భాగం విరిగిపడుతుంది. (ఇలా విరగడాన్ని ఇంగ్లీషులో ఆవు ఈనడానికి వాడే మాటతోనే చెబుతారు.)

ప్రశ్న: ఒకే సముద్రం, ఒకే వాతావరణం. పక్కపక్కనున్న హిమానీనదాల్లో ఒకటి కదలదు, ఒకటి ఆగకుండా వెనక్కి పోతుంది. ఎందుకు?
– భూగోళశాస్త్ర ఉపాధ్యాయుడు, నల్లగొండ

జవాబు: కింద నేల వాలును బట్టి. ఒక లెక్క వేసి చూడండి. ఘనమీటరు సముద్రపు నీరు 1,028 కిలోలు, మంచు 917 కిలోలు. అంటే నీటి లోతుకు 1.12 రెట్ల కంటే పలచబడిన మంచు నేల విడిచి తేలిపోతుంది. లోతు 800 మీటర్లయితే మంచు 897 మీటర్లకు తగ్గకూడదు. అంటే నీటిమట్టానికి పైన కనీసం 97 మీటర్లు ఉండాలి. మంచు నేలను విడిచే ఆ గీత దగ్గర నేల లోపలికి పోయేకొద్దీ ఎత్తుగా ఉంటే, కాస్త వెనక్కి జరిగి నిలదొక్కుకుంటుంది. లోతుగా ఉంటే చిక్కే: వెనక్కి జరిగినకొద్దీ మందమైన మంచు నీటికి ఎదురవుతుంది, మరింత మంచు బయటికి పోతుంది, గీత ఇంకా వెనక్కి జరుగుతుంది. అంటార్కిటికాలో 120 కిలోమీటర్ల వెడల్పున్న త్వైట్స్ హిమానీనదం గురించి ఇంత ఆందోళన అందుకే. ఫియర్డ్ ముఖద్వారంలో మెట్టలాంటి గట్టు ఉంటే మాత్రం అడుగు నీరు లోపలికి రాలేదు. పక్కదానికి ఆ గట్టు లేకపోవచ్చు.

ప్రశ్న: తేలే మంచు కరిగినా నీటిమట్టం పెరగదు కదా?
– పాఠకుడు, మచిలీపట్నం

జవాబు: దాదాపు పెరగదు. అయితే తేలే మంచు వెనకున్న మంచుకు బిరడా లాంటిది. 2002లో అంటార్కిటికా ద్వీపకల్పంలో లార్సెన్ బి అనే తేలే మంచుఫలకం సుమారు 3,250 చదరపు కిలోమీటర్ల మేర కూలగానే దాని వెనకున్న హిమానీనదాలు వేగం పుంజుకున్నాయి. నేలమీది మంచు 36,000 కోట్ల టన్నులు సముద్రంలో చేరితే మట్టం ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. పైగా గ్రీన్‌లాండ్ మంచు తరిగితే దాని గురుత్వాకర్షణ తగ్గి, దగ్గరి సముద్రం కిందికి దిగుతుంది. దూరాన ఉన్న మన తీరానికి సగటు కంటే కాస్త ఎక్కువ వాటా పడుతుంది.

ప్రశ్న: ఉపగ్రహ చిత్రాలతో మా విద్యార్థులే ఇది కొలవగలరా?
– జూనియర్ కాలేజీ అధ్యాపకురాలు, వరంగల్

జవాబు: తప్పకుండా. ఆర్కిటిక్‌లో నార్వే దీవులైన స్వాల్బార్డ్‌లోని కాంగ్స్‌ఫియర్డ్‌తో మొదలుపెట్టించండి. మన దేశపు హిమాద్రి పరిశోధన కేంద్రం 2008 నుంచి దాని ఒడ్డునే, న్యూ ఆలెసుండ్‌లో ఉంది. ఫియర్డ్ అడుగున మనవాళ్లు 2014లో ఇండ్‌ఆర్క్ అనే పరికరాల దండను 192 మీటర్ల లోతులో దింపారు. అక్కడి బ్లామ్‌స్ట్రాండ్ హిమానీనదం వెనక్కి తగ్గాక, పేరులోనే ‘ద్వీపకల్పం’ ఉన్న నేల నిజానికి దీవి అని తేలింది. ఆ వింత చిత్రాల్లో కళ్లకు కనిపిస్తుంది.

లాండ్‌శాట్ చిత్రాలు, 2015 తరవాతవైతే సెంటినెల్–2 చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. ప్రతి ఏడూ ఆగస్టు చివరివే తీసుకోండి. కొస చలికాలంలో ముందుకు, వేసవిలో వెనక్కి జరుగుతుంది కాబట్టి ఒక ఏటి మే చిత్రాన్ని మరో ఏటి సెప్టెంబరు చిత్రంతో పోల్చడం కుదరదు. మధ్యలో ఒక్క గీత గీసి కొలిస్తే, కొస వంకరగా విరిగిన ఏడాదికి తప్పుడు అంకె వస్తుంది. ఫియర్డ్ వెంబడి ఒకే వెడల్పున్న పెట్టె గీయండి. వెనక గీత అన్ని ఏళ్లకూ ఒకటే ఉండాలి, ముందు గీత ఆ ఏటి కొస. లోపలి వైశాల్యాన్ని వెడల్పుతో భాగిస్తే సగటు పొడవు వస్తుంది. ఏటేటా తేడాయే వెనక్కి జరిగిన దూరం. సెంటినెల్–2 చిత్రంలో ఒక చుక్క (పిక్సెల్) అంటే నేలమీద 10 మీటర్లు, లాండ్‌శాట్‌లో 30 మీటర్లు. తేడా అంతకంటే తక్కువ వస్తే లెక్కలోకి తీసుకోవద్దు.

కొస ముందు కుక్కుకుపోయిన మంచు ముక్కల మడుగును కొసగా పొరబడటం అందరూ చేసే తప్పు. హిమానీనదం మీద బీటలు బారులు తీరి ఉంటాయి, ముక్కలు ఎటుపడితే అటు తిరిగి ఉంటాయి. అయినా తేలకపోతే నాలుగైదు రోజుల తరవాతి చిత్రం చూడండి. ముక్కలు చెదిరిపోతాయి, కొస అక్కడే ఉంటుంది.