కుండీ నారింజకు చలికాలమే గండం

‘ఊరి నుంచి అమ్మ వస్తోంది, కుండీలో పెంచుకోవడానికి నారింజ మొక్క తెమ్మననా?’ అని కావలి నుంచి అమెరికా వచ్చిన తమ్ముడొకడు అడిగాడు. వద్దు నాయనా. నిమ్మజాతి మొక్కల్ని సామాన్లో పెట్టుకొస్తే అమెరికాలో దిగనివ్వరు. కరివేపాకైనా అంతే. నిమ్మజాతి చెట్లను చంపే గ్రీనింగ్ తెగులును మోసే పురుగు రెండింటి మీదా బతుకుతుంది. ఆ తెగులు 2005లో ఫ్లోరిడాలో బయటపడి అక్కడి తోటల్ని సర్వనాశనం చేసింది, ఇక రెమ్మనైనా ఎందుకు వదులుతారు? అమ్మ చేత దబ్బకాయ ఊరగాయ తెప్పించుకో, మొక్క ఇక్కడే కొను.

చినోటో అని అడుగు. చేదు నారింజలో పొట్టి రకం. ఆకు చిన్నది, ముళ్ళుండవు, కాయలు నెలల తరబడి చెట్టునే ఉంటాయి. ఇటలీ వాళ్ళ చేదు సోడాలో రుచి దీనిదే. అంటు మొక్కే తీసుకో. అంటు కింద నుంచి మూడేసి రెబ్బల ఆకుతో కొమ్మ లేస్తే వెంటనే కోసెయ్. అది అంటు కట్టిన అడుగు మొక్కది, వదిలేస్తే నీ నారింజ పోయి ముళ్ళకంప మిగులుతుంది.

ఇక చలికాలం. రాత్రి చలి 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగుతోందంటే లోపలికి తెచ్చెయ్. హీటర్ పక్కన మాత్రం పెట్టకు. మనవాళ్ళు అక్కడే పెడతారు, పాపం చలేస్తుందని! హీటర్ వేడికీ కిటికీ ఎండకూ ఆకులు వేడెక్కుతాయి, కుండీ మాత్రం చల్లటి నేల మీద ఉంటుంది. సుమారు 13 డిగ్రీల కింద వేళ్ళు నీళ్ళు సరిగా పీల్చవు. పైన ఆకు దాహమంటుంది, కింద వేరు కదలదు, ఆకులు జలజలా రాలతాయి. అది చూసి ఇంకో చెంబు పోస్తే వేళ్ళు కుళ్ళి చెట్టే పోతుంది. వెలుతురు బాగా ఉండే చల్లని గది చూడు, కుండీ కింద చెక్క ముక్క వెయ్. పైమట్టి వేలి కణుపు లోతుకు ఆరాకే, అడుగు చిల్లులోంచి కారేదాకా పోసి, పళ్ళెంలో నిలిచింది పారబొయ్. హీటర్ గాలికి ఆకు వెనక నల్లి చేరుతుంది, వారానికోసారి తడిగుడ్డతో తుడువు.

పొదలకూరు, గూడూరు వైపు నిమ్మతోటల్లో నీళ్ళాపి బెట్టకు వదిలి, మళ్ళీ నీళ్ళు కట్టి పూత రప్పించడం నువ్వు చూసే ఉంటావు. ఆ విద్య కుండీ మీద ప్రయోగించకు. నేలలో వేరు లోతుకు పోయి వెతుక్కుంటుంది, కుండీలో ఎక్కడికి పోతుంది?

మంచు భయం పోయాకే బయట పెట్టు. న్యూజెర్సీలోనైతే మే నెల సగం దాటాలి. వారం పది రోజులు నీడలో ఉంచి మెల్లగా ఎండకు జరుపు, లేకపోతే ఆకులు మాడతాయి. ఎదిగే కాలంలో నిమ్మజాతి ఎరువు వెయ్, లేత ఆకులో ఈనెలు ఆకుపచ్చగానే ఉండి వాటి మధ్య భాగం పసుపెక్కితే ఇనుము తక్కువైందని అర్థం.

కాయ ఉత్తినే తినలేవు గానీ పులిహోరకు బ్రహ్మాండం. పొయ్యి దించాకే రసం పిండు. కొన్న ఏడాది కాయలు మాత్రం ముట్టకు, అలంకారానికి అమ్మే మొక్కలకు తినకూడని మందులు కొట్టి ఉండొచ్చు.