ఊలు, కాగితం, లేసు: చేతిపని గురించి పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి చివర ‘నా చేతికి ఈ విద్య అబ్బదేమో’ అన్న సందేహం కనిపించింది. ఉత్తరాలన్నీ చదివాక నాకు అనిపించిందేమిటంటే, వీటిలో ఒక్కదానిలోనూ చేతి లోపం లేదు. దారం, కాగితం, జిగురు ఎలా ప్రవర్తిస్తాయో ముందుగా తెలియకపోవడం వల్లనే ఇబ్బందులన్నీ వచ్చాయి. అందువల్ల ఈసారి జవాబుల్లో పదార్థాల గురించి కాస్త విస్తారంగా రాస్తున్నాను.

ప్రశ్న: ఉద్యోగ విరమణ తర్వాత ఊలు అల్లిక నేర్చుకున్నాను. ఒక వరుస నిట్ (సూటి కుట్టు), ఒక వరుస పర్ల్ (ఉల్టా కుట్టు) చొప్పున మొదటి మఫ్లరు అల్లాను. కుట్లు సమానంగానే వచ్చాయి కాని, రెండు అంచులూ చుట్టుకుపోయి మఫ్లరు గొట్టంలా తయారైంది. ఇస్త్రీ చేసినా నిలవడం లేదు. పొరపాటు ఎక్కడ జరిగింది?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీరు పొరపాటేమీ చేయలేదు. మీరు ఎంచుకున్న అల్లిక స్వభావమే అంత. ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్ వేసినప్పుడు ముందువైపు ‘వి’ ఆకారపు కుట్లు, వెనుకవైపు చిన్న చిన్న గుబ్బలు ఏర్పడతాయి. సూదిపై వంపు తిరిగిన దారం మళ్లీ తిన్నగా సాగాలని చూస్తుంది. ఒక వైపున కుట్లన్నీ ఒకే రకంగా ఉన్నప్పుడు ఆ బలమంతా ఒకే దిక్కున పనిచేయడం వల్ల పక్క అంచులు వెనక్కి, పైనా కిందా ఉన్న అంచులు ముందుకు చుట్టుకుంటాయి. స్వెటరులో ఆ అంచులు కుట్టులో కలిసిపోతాయి కాబట్టి ఇబ్బంది ఉండదు. మఫ్లరులో దాక్కునే చోటు లేదు.

నిట్, పర్ల్ కుట్లు రెండూ ఒకే వైపున సమంగా ఉంటే ఆ బలాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అందుచేత వచ్చేసారి స్వెటరు మణికట్టు పట్టీకి వేసినట్లు రెండు నిట్, రెండు పర్ల్ చొప్పున అల్లండి, లేదా అన్ని వరుసలూ నిట్ వేయండి; వరుస వరుసకూ గుడ్డను తిప్పుతాం కాబట్టి అలా వేసినా రెండు రకాల కుట్లూ ఒకే వైపున సమంగా వస్తాయి. ఇప్పుడున్న మఫ్లరును విప్పనక్కరలేదు. క్రోషియా సూదితో (చివర కొక్కెం ఉన్న సూది) చుట్టూ మూడు నాలుగు వరుసల అంచు అల్లితే చాలావరకు చదునవుతుంది. ఇస్త్రీ మాత్రం మానండి. దుకాణాల్లో ఊలు అని అమ్ముతున్నదానిలో చాలా భాగం యాక్రిలిక్ అనే కృత్రిమ పీచు. ఇస్త్రీపెట్టె వేడికి ఆ పీచు మెత్తబడి, సాగి మళ్లీ ముడుచుకునే గుణాన్ని శాశ్వతంగా పోగొట్టుకుంటుంది.

ప్రశ్న: మనవడికి టోపీ, మేజోళ్లు అల్లాలని ఉంది. దుకాణంలో అన్నిటినీ ‘ఊలే’ అంటున్నారు. అసలైన ఊలును గుర్తించడం ఎలా? పసివాడికి ఏది మంచిది?
– ఒక అమ్మమ్మ, వరంగల్

జవాబు: ఒక చిన్న పోగును చిమటాతో పట్టుకుని, నీళ్ల గిన్నె పక్కన పెట్టుకుని, వెలిగించి చూడండి. గొర్రె ఊలు వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది, మంట తీసేస్తే చాలావరకు తానే ఆరిపోతుంది, మిగిలిన నల్లని బూడిద వేళ్ల మధ్య పొడవుతుంది. యాక్రిలిక్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. నూలు (పత్తి) పోగు కాగితంలా కాలి మెత్తని బూడిద అవుతుంది. వరంగల్ వాతావరణంలో పసివాడి ఒంటికి నేరుగా తగిలే వస్తువు కాబట్టి నేను మెత్తని నూలు దారాన్నే సూచిస్తాను. నూలుకు ఊలులా సాగే గుణం లేదు కనుక టోపీ అంచును కొంచెం బిగువుగా, ఒక నంబరు సన్నని సూదితో అల్లండి. అసలైన ఊలు కొన్నట్లయితే వేడినీళ్లలో వేసి రుద్దకూడదు. ఊలు పీచు మీద ఉండే సన్నని పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని, గుడ్డ దళసరిగా ముడుచుకుపోతుంది.

దక్కనీ గొర్రెల ఊలుతో కురుమలు నేసే మన గొంగడి ఎంతో గొప్పది, వానకూ చలికీ ఆగుతుంది. అయితే ఆ ఊలు గరుకుగా ఉంటుంది కాబట్టి పసిపిల్లల టోపీకి పనికిరాదు.

ప్రశ్న: మా అత్తయ్యగారు అల్లికల వివరాలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసి ఇచ్చారు. అందులో ‘10వ నంబరు సూదులు’ అని ఉంటే ఇక్కడ అదే నంబరు కొన్నాను. పిల్లల స్వెటరు పెద్దవాళ్లకు సరిపోయేంతగా వచ్చింది. క్రోషియా కొలతలు కూడా కలవడం లేదు. ఆవిడ ఇప్పుడు లేరు, అడగడానికి వీలులేదు.
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: మీ అత్తయ్యగారు రాసినది పాత బ్రిటిష్ లెక్క. మన దేశంలో అల్లిక సూదులు నేటికీ ఎక్కువగా ఆ లెక్కలోనే దొరుకుతాయి. ఆ నంబర్లు తీగ మందాన్ని కొలిచే గేజి నుంచి వచ్చాయి కనుక నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. మన ఊళ్లలో మోటారు వైండింగు చేసేవారు రాగి తీగను గేజి నంబరుతో అడిగేదీ ఈ పద్ధతిలోనే. అమెరికా లెక్క దీనికి పూర్తిగా తలకిందులు; నంబరు పెరిగితే సూది లావవుతుంది. బ్రిటిష్ 10 అంటే 3.25 మిల్లీమీటర్లు. మీరు కొన్న అమెరికన్ 10 ఆరు మిల్లీమీటర్లు, అంటే దాదాపు రెట్టింపు. మీకు కావలసినది అమెరికన్ 3. అలాగే నోటుపుస్తకంలో 8 అని ఉన్నచోట 4 మిల్లీమీటర్ల సూది, అంటే అమెరికన్ 6; 12 అని ఉన్నచోట 2.75 మిల్లీమీటర్లది, అంటే అమెరికన్ 2 తీసుకోండి. నా సలహా ఏమిటంటే, ఆ పుస్తకంలో ప్రతి నంబరు పక్కనా పెన్సిలుతో మిల్లీమీటర్లు రాసి పెట్టండి. మీ తర్వాత అది తెరిచేవారికి ఈ చిక్కు ఉండదు.

క్రోషియాలో తేడా పేర్లలో ఉంది. అమెరికన్లు సింగిల్ అనే కుట్టును బ్రిటిష్ వారు డబుల్ అంటారు. అమెరికన్ల డబుల్ వారికి ట్రెబుల్. మీ అత్తయ్యగారి డబుల్‌ను మీరు అమెరికన్ డబుల్‌గా వేస్తే ప్రతి వరుసా ఎత్తు పెరుగుతుంది. ఆవిడ ఏ పద్ధతి అనుసరించారో తెలుసుకోవడానికి ఆ పుస్తకంలో ఎక్కడైనా సింగిల్ కుట్టు ప్రస్తావన ఉందేమో చూడండి. బ్రిటిష్ పద్ధతిలో ఆ పేరు సాధారణంగా వాడరు కాబట్టి, ఉంటే అది అమెరికన్ పద్ధతే అనుకోవచ్చు.

ఇక ఏ వస్త్రం మొదలుపెట్టినా ముందు నమూనా చదరం అల్లి, మధ్యలో 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు వచ్చాయో లెక్కపెట్టడం తప్పనిసరి. 22 కుట్లు రావలసినచోట మీకు 20 వస్తే, 90 సెంటీమీటర్ల చుట్టుకొలతకు వేసిన 198 కుట్లు 99 సెంటీమీటర్లవుతాయి. పది సెంటీమీటర్లలో రెండు కుట్ల తేడా కంటికి కనిపించదు కాని, ఒంటి మీద తొమ్మిది సెంటీమీటర్లు వేలాడుతుంది.

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగిని. సాయంత్రాలు మిశ్రమ మాధ్యమ చిత్రాలు చేస్తుంటాను. పాత పత్రికల ముక్కలు, అమ్మ పట్టుచీర అంచు, ఎండుటాకులు అట్టపై అంటించి, పైన రంగులు వేస్తాను. నాలుగు సమస్యలున్నాయి. అట్ట విల్లులా వంగుతోంది. పత్రిక ముక్కలు పచ్చబడుతున్నాయి. జరీ దగ్గర మరక పడింది. మైదా జిగురు వాడినచోట వెండిపురుగులు కొరికాయి. ఇవి తట్టుకునే మార్గం ఉందా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ ఉత్తరం నాకు ఎంతో సంతోషం కలిగించింది. 1912లో పికాసో ఒక నిశ్చల చిత్రంలో కుర్చీ అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను అంటించి, చుట్టూ తాడు బిగించినప్పటి నుంచి కళాచరిత్రకారులు ఈ మార్గాన్ని ఆధునిక కళగా చెబుతారు. వేర్వేరు పదార్థాలను పొరలుపొరలుగా ఒకచోట నిలబెట్టే విద్య మాత్రం మన చేతివృత్తుల వారికి అంతకు ఎంతో ముందే తెలుసు. చేర్యాల నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూతలు పట్టించి, ఆరిన తర్వాతే బొమ్మ గీస్తారు. కొండపల్లి బొమ్మలలో తెల్లపొణికి చెక్క ముక్కలను రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన మక్కుతో అతుకుతారు. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను కరక్కాయ, గేదెపాలలో తడిపి ఆరబెట్టేది రంగు పాకిపోకుండా నిలవడానికే. వీరందరూ బొమ్మ కన్నా ముందు ఆధారాన్ని సిద్ధం చేస్తారు. మీ నాలుగు సమస్యలలో మూడింటికి పరిష్కారం అక్కడే ఉంది.

అట్ట వంగడానికి కారణం నీరు. తడి జిగురు పూసిన కాగితం పీచు ఉబ్బి సాగుతుంది. ఆరేటప్పుడు కుంచించుకుంటూ అట్టను తనవైపు లాగుతుంది. అందువల్ల ముందువైపు అంటించినంత మందమే ఉన్న కాగితాన్ని, అదే జిగురుతో, వెనుకవైపు కూడా అంటించండి. రెండు లాగుడులూ సమమై అట్ట తిన్నగా నిలుస్తుంది. జిగురు పలుచగా పూసి, పైన ప్లాస్టిక్ కాగితం పరిచి, ఒక రాత్రి బరువు కింద ఉంచండి. పెద్ద చిత్రానికి అట్టకు బదులు పలుచని ప్లైవుడ్ వాడి, రెండువైపులా ప్రైమరు పూయడం ఇంకా మంచిది.

పత్రికల కాగితం చెక్కను నలగగొట్టి చేసిన గుజ్జుతో తయారవుతుంది. అందులో మిగిలిపోయే లిగ్నిన్ అనే చెక్క పదార్థం వెలుతురుకు, గాలికి పచ్చబడుతుంది, క్రమంగా ఆమ్లం పెరిగి కాగితం పెళుసవుతుంది. వార్నీషు పూత దానిని ఆపలేదు. అసలు ముక్కను దాచుకుని, ఆమ్లరహిత కాగితంపై తీసిన జిరాక్సు ప్రతిని అంటించండి. జిరాక్సు నలుపు వేడికి కరిగి కాగితానికి అతుక్కున్న ప్లాస్టిక్, కర్బనపు పొడి కాబట్టి తడికి చెదరదు. ఇంక్‌జెట్ ప్రింటు అయితే జిగురు తగిలిన వెంటనే పాకుతుంది.

జరీ విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: చీర అంచును అంటించకండి, కుట్టండి. జరీలో లోహం ఉంటుంది. తడి జిగురు దాని మెరుపును చంపడమే కాక, పట్టులోకి ఇంకి మరక చేస్తుంది. ఆధారానికి ముందుగానే సూదితో చిన్న రంధ్రాలు చేసుకుని, పట్టుదారంతో దూరదూరంగా కుట్లు వేస్తే అమ్మగారి చీర చెడదు, ఎప్పుడైనా విప్పి తీసుకోవచ్చు కూడా. అటువంటి గుడ్డకు మళ్లీ ఊడదీయలేని జిగురు పూయడం నాకు మనసొప్పదు.

మైదాలోని పిండిపదార్థం వెండిపురుగులకు ఆహారం. పుస్తకాలు బైండు చేసేవారు పూర్వం ఆ జిగురులో మైలుతుత్తం కలిపేది అందుకే. అది విషం కనుక ఇంట్లో, ముఖ్యంగా పిల్లలున్నచోట, వాడవద్దు. ఫెవికాల్ వంటి తెల్లజిగురుతోనే పని జరపండి. ఆకులను పుస్తకాల మధ్య పూర్తిగా ఎండనిచ్చిన తర్వాతే వాడాలి; లోపల చెమ్మ మిగిలితే బూజు పడుతుంది. యాక్రిలిక్ రంగుపై తైలవర్ణం వేయవచ్చు కాని, తైలవర్ణంపై యాక్రిలిక్ వేయకూడదు. నూనె పొరపై అది పట్టు దొరక్క పొరలుగా ఊడిపోతుంది. విశాఖ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పటం కట్టించేటప్పుడు చిత్రానికీ అద్దానికీ మధ్య ఖాళీ ఉండేలా మౌంటు పెట్టించండి.

ప్రశ్న: ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. వయసు 70. ఊలు అల్లిక నేర్చుకోవాలని ఉంది. ఇంట్లోవారు ‘అది ఆడవాళ్ల పని, ఈ వయసులో ఎందుకు’ అంటున్నారు. ఉదయంపూట వేళ్లు కొంచెం బిగుసుకుపోతాయి.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: తప్పక మొదలుపెట్టండి. పెరూలోని టకీలే దీవిలో అల్లిక పురుషుల విద్య. అక్కడ మగపిల్లలు చిన్నతనంలోనే టోపీలు అల్లడం నేర్చుకుంటారు. ఆ దీవి వస్త్రకళను యునెస్కో 2005లో మానవాళి వారసత్వంగా ప్రకటించింది. వయసు విషయానికి వస్తే, ఇంగ్లండుకు చెందిన మేరీ డెలానీ తనకు 70 ఏళ్లు దాటాక రంగు కాగితాలను కత్తిరించి, నల్లని ఆధారంపై పూలమొక్కల చిత్రాలు అతకడం ప్రారంభించారు. చూపు మందగించి ఆపేసేలోగా ఆమె పూర్తిచేసిన 900కు పైగా చిత్రాలు నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

లోహపు సూదులకు బదులు వెదురు సూదులు కొనండి. తేలికగా ఉంటాయి, కుట్లు జారిపోవు. తీగతో కలిపిన జంట సూదులైతే అల్లిన గుడ్డ బరువు మణికట్టు మీద కాక ఒడిలో పడుతుంది. మొదట 5 మిల్లీమీటర్ల సూది, లేతరంగు లావుపాటి ఊలు తీసుకుంటే కుట్లు కంటికి స్పష్టంగా కనిపిస్తాయి. వేళ్లు సడలిన తర్వాత, మధ్యాహ్నంపూట, కొంచెంసేపు అల్లి విశ్రాంతి తీసుకోండి. నొప్పి గాని వాపు గాని వస్తే ఆపి వైద్యునికి చూపించండి.

ప్రశ్న: మా అమ్మ పుట్టిల్లు పాలకొల్లు. ఆవిడ చేతితో అల్లిన లేసు బల్లగుడ్డ నా దగ్గరుంది. మడతల దగ్గర పసుపు మరకలు, ఒకచోట దారం తెగి చిన్న చిల్లు ఉన్నాయి. ఎలా కాపాడుకోవాలి? ఇటువంటివి ఇప్పుడు ఎవరైనా అల్లుతున్నారా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఉతకడానికి ముందే చిల్లు సంగతి చూడాలి. ఊలు అల్లికలో ఒక కుట్టు జారితే నిచ్చెనలా కిందివరకు విడిపోతుంది. క్రోషియాలో ఒక కుట్టు ముగిశాకే మరొకటి మొదలవుతుంది కాబట్టి చిల్లు నెమ్మదిగా పెరుగుతుంది, మీకు వ్యవధి ఉంది. విడిపోయిన ఉచ్చులన్నిటినీ సన్నని తెల్ల నూలుదారంతో పట్టి ఉంచండి. తర్వాత గోరువెచ్చని నీటిలో మెత్తని సబ్బు కలిపి, నీళ్లు మారుస్తూ నానబెట్టండి. క్లోరిన్ బ్లీచి వద్దు, పిండవద్దు. తువ్వాలుపై పరిచి, రూపం సరిచేసి, తుప్పు పట్టని పిన్నులతో నిలిపి నీడలో ఆరబెట్టండి. దాచేటప్పుడు మడవకుండా, ఉతికిన పాత తెల్లపంచెతో కలిపి గుండ్రంగా చుట్టండి. ప్లాస్టిక్ సంచి చెమ్మను లోపల బంధిస్తుంది కాబట్టి పనికిరాదు.

ఆ పని నేటికీ నడుస్తోంది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి ప్రాంతానికి వచ్చిన ఈ అల్లిక నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల వేల ఇళ్లలో స్త్రీల చేతివిద్య అయింది. నరసాపురం క్రోషియా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇంత పేరు వచ్చినా అల్లినవారికి దక్కింది స్వల్పం. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడ పరిశీలించి, రోజుకు ఎన్నో గంటలు అల్లే ఈ స్త్రీలను శ్రామికులుగా కాక తీరిక వేళలో పనిచేసే గృహిణులుగా లెక్కించడం వల్లనే కూలి అంత తక్కువగా ఉందని 1982లో ప్రచురించిన అధ్యయనంలో వివరించారు. ఆ మాట నేటికీ గుర్తుంచుకోదగినదని నా నమ్మకం. మీ గుడ్డలోని చిల్లును సరిగ్గా పూరించగలిగేది ఆ ప్రాంతపు లేసు అల్లే స్త్రీయే; దెబ్బతిన్న పువ్వును విడదీసి, అదే మందపు దారంతో కొత్త పువ్వు అల్లి చుట్టూ ఉన్నవాటికి అతికిస్తుంది. దారం మందం పోల్చుకోవడానికి గుడ్డను వెంట తీసుకువెళ్లండి. కూలిని ముక్క లెక్కన కాక ఆమెకు పట్టిన గంటల లెక్కన మాట్లాడుకోండి.